మృతలోక దేవతల కంచు ప్రతిమలు

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలకు పోయిన మన ప్రాంతీయులలో మమ్మీని చూడక మరలివచ్చువారు అరుదు. శిల్పములు, నాణెములు, ఆయుధములు గదుల నిండ నున్నను జనులు ముందుగా దారి అడుగునది దానికే. ఈ ప్రదర్శనశాల నిజాము ప్రభుత్వకాలమున 1930లో వెలసినది. ఆరవ నిజాము అల్లుడగు నవాబు నజీర్ నవాజ్ జంగు 1920 ప్రాంతమున ఆ మమ్మీని వేయి పౌనులకు కొని ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖానుకు బహూకరించెననియు, ఆయన దానిని ప్రదర్శనశాలకు ఇప్పించెననియు చెప్పుదురు. అది నైషు అను రాకుమారి దేహమని ప్రసిద్ధి.

గాజుపెట్టె ముందు నిలిచినవారు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు. దేహము ఇన్నివందల యేండ్లు చెడక ఎట్లు నిలిచినది? దానిని అట్లు నిలుపవలెనని ఆ జనులకు ఏల తోచినది? మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. ప్రేతమునుండి ప్రేవులు మొదలగు అంతరవయవములను తీసివేసి, నేట్రను అను ఒకవిధమైన చౌడుప్పులో కప్పి తేమను పీల్చివేయించి, తైలములు, గుగ్గిలము వంటి జిగురులు పూసి నారబట్ట పట్టీలతో చుట్టుచుండిరి. ఈ కార్యమునకు డెబ్బది దినములు పట్టునని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు క్రీ.పూ. 5వ శతాబ్దిలో వ్రాసెను. రెండవ ప్రశ్నకు సమాధానము ఒక్క మాటలో తేలునది కాదు. ఆ సమాధానమును తెలుపు సాక్ష్యములలో ముఖ్యమైనవి జానెడు ఎత్తు మించని చిన్న చిన్న కంచు బొమ్మలు. ఈనాడు లోకములోని పలు పెద్ద ప్రదర్శనశాలలలో ఇట్టి బొమ్మలు కలవు. అవి రాజుల విగ్రహములు గావు. మృతలోకమును పాలించు దేవతల ప్రతిమలు. వానిని చేయించినవారిలో పలువురు మనవంటి సామాన్య గృహస్థులు.

మన పెద్దలలో ఉర్దూ చదివినవారు మిసరు అని పిలిచిన దేశమే ఈజిప్టు. అది నైలునది వరము. పూర్వము ఏటేట నది పొంగి పొలములపై నల్లని ఒండ్రు పరచిపోయెడిది. ఆ నల్లని మన్ను దాటి నాలుగడుగులు వేసిన ఎఱ్ఱని ఇసుక యెడారి. పంట పండు నేలకును చావు నేలకును నడుమ గట్టువంటి ఎల్ల కన్నులకు కనబడుచుండును. ఎండి బీటలువారిన నేల మరల పచ్చబడుట ప్రతియేడు చూచు జనులకు, మరణించినవాడును మరల లేచుననెడి నమ్మకము కలుగుట వింత గాదు. ఆ నమ్మకమునకు రూపమే ఒసైరిసు దేవుడు.

కథ ఇట్లు చెప్పుదురు. ఒసైరిసు ఆ దేశమును ధర్మముగా ఏలిన రాజు. తమ్ముడగు సెతు అసూయచే అతనిని చంపెను. గ్రీకు రచయిత ప్లూటార్కు చెప్పిన ప్రకారము, దేహమును పదునాలుగు ముక్కలు చేసి దేశమంతట వెదజల్లెను. భార్య ఐసిసు, చెల్లెలు నెఫ్తిసును తోడుగొని, ఆ ముక్కలను వెదకి కూర్చెను. నక్క తలగల అనూబిసు దేవుడు ఆ దేహమునకు పట్టీలు చుట్టి మొట్టమొదటి మమ్మీని చేసెను. ఐసిసు మంత్రబలమున ఒసైరిసు ప్రాణము పొందెను గాని భూలోకమునకు రాలేదు. మృతలోకమునకు రాజై అచ్చటనే ఉండిపోయెను. వారి కుమారుడగు హోరసు పెరిగి సెతును జయించి తండ్రి రాజ్యము పొందెను. నాటినుండి బ్రతికియున్న ఫరో హోరసనియు, మరణించిన ఫరో ఒసైరిసనియు భావించిరి. కాలక్రమమున ఈ భాగ్యము రాజులకు మాత్రమే గాక, సంస్కారము జరిగిన ప్రతివానికి దక్కునని నమ్మసాగిరి. అందుచేతనే మరణించిన రైతు పేరు, గుమాస్తా పేరు కూడ 'ఒసైరిసు ఫలానావాడు' అని వ్రాయబడెను.

ఈ దేవుని పండుగను నైలు వరద తీసి విత్తనము వేయు తరుణమున ఖోయాకు మాసమున జరిపెడివారు. ఒసైరిసు ఆకారముగల అచ్చులో మన్ను నింపి, అందు యవలు చల్లి నీరు పోసి మొలకలెత్తించెడివారు. మహబూబాబాదు ప్రాంతపు తండాలలో తీజు పండుగకు కన్నెపిల్లలు బుట్టలలో గోధుమలు చల్లి తొమ్మిది దినములు నీరు పోసి మొలకలు పెంచి, పిమ్మట చెరువులో నిమజ్జనము చేయుట మనము చూచుచున్నాము. పోలికను చూచి సంబంధమును ఊహింపరాదు. తీజు కన్నెల పండుగ, ఖోయాకు మృతుని పండుగ. విత్తనము మట్టిలో పడి కనుమరుగై మరల మొలకగా కనబడునను సత్యమును చూచినవారు ఏ దేశమందైనను చేతులు జోడించిరని మాత్రము గ్రహింపదగును.

మృతలోకమునకు పోయిన ప్రాణికి అచ్చట విచారణ గలదు. ఈ ఘట్టమును ఈజిప్టువారు మృతుల గ్రంథమని నేడు పిలువబడు పత్రములపై చిత్రించిరి. నడుమ ఒక త్రాసు ఉండును. ఒక సిబ్బెలో మృతుని గుండెకాయ, రెండవ సిబ్బెలో సత్యదేవతయగు మాతు యొక్క ఈక. త్రాసు ముల్లును సరిచూచువాడు అనూబిసు. నలువది ఇద్దరు న్యాయాధిపతుల యెదుట మృతుడు తాను దొంగిలలేదనియు, తూకమున మోసము చేయలేదనియు, పరుల నీటి కాలువకు అడ్డు కట్టలేదనియు చెప్పుకొనవలెను. పొడవైన వంకర ముక్కుగల పక్షి తలతో థోతు దేవుడు పలక, కలము పట్టి నిలిచి తూకము ఫలితమును వ్రాసికొనుచుండును. గుండె ఈకతో సరితూగినచో ప్రాణి ఒసైరిసు సన్నిధికి పోవును. బరువైనచో ప్రక్కనే పొంచియున్న మొసలి తల మృగము దానిని మ్రింగివేయును.

ఇది చదివిన తెలుగువానికి యమధర్మరాజును, చిత్రగుప్తుని చిట్టాను స్మరించక తప్పదు. ఋగ్వేదమున యముడు మొట్టమొదట మరణించి పితృలోకమునకు మార్గము కనుగొన్నవాడు. ఒసైరిసు మరణించి మృతులకు రాజైనవాడు. చిత్రగుప్తుడు లెక్క వ్రాయును. థోతు లెక్క వ్రాయును. రెండు జాతులును మరణమునకు భయపడినవే. ఆ భయమునకు మందుగా రెండును కనుగొన్నది లంచమునకు లొంగని లెక్కగాని మరొకటి గాదు.

యముడనిన మనకు భయమే గాని, ఆయనను గుడిలో నిలిపి తొలిపూజ చేయు క్షేత్రము మన చెంతనే కలదు. భూపాలపల్లి జిల్లా మహాదేవపురము మండలమున గోదావరీ ప్రాణహితల సంగమమున కాళేశ్వరము వెలసినది. అచ్చట గర్భగుడిలో ఒకే పానవట్టముపై రెండు లింగములు. ఒకటి కాలుడు, అనగా యముడు. రెండవది ముక్తేశ్వరుడు. ముక్తేశ్వరుని దర్శించిన వారందరును ముక్తులగుచుండ తన లోకము శూన్యమైనదని యముడు మొరపెట్టుకొనగా, శివుడు ఆయనకు తన ప్రక్కనే స్థానమిచ్చి తొలిపూజ ఆయనకే జరుగునట్లు వరమిచ్చెనని స్థలపురాణము. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములకు లక్షలాది జనులు పోయి, అస్థికలు కలిపి, పిండములు పెట్టి, ఆ రెండు లింగములకును మ్రొక్కివచ్చిరి. కాలుని దాటిగాని ముక్తి లేదని ఆ గుడి చెప్పుచున్నది. ఒసైరిసు ప్రతిమ యెదుట నిలిచిన ఈజిప్టు గృహస్థుని మనస్సును అర్థము చేసికొనుటకు మనము దూరము పోనవసరము లేదు.

ఇక ప్రతిమల సంగతి. మృతలోక దేవతల కంచు బొమ్మలలో అన్నింటికన్న ఎక్కువగా దొరకునవి ఒసైరిసువే. నిటారుగా నిలిచిన దేహము మమ్మీవలె బిగియ చుట్టబడి యుండును. కాళ్లు విడివిడిగా కానరావు. రొమ్మున ముడిచిన రెండు చేతులలో ఒకట గొఱ్ఱెలకాపరి కొంకికఱ్ఱ, రెండవదాన కొరడావంటి దండము. ఒకటి పాలించుటకు, రెండవది దండించుటకు గుర్తులు. శిరస్సున ఇరువైపుల ఈకలు గల ఎత్తయిన కిరీటము. గడ్డమునకు కట్టిన జడవంటి రాజచిహ్నము. ఐసిసు ప్రతిమలు అనేకము కూర్చుండి శిశువగు హోరసునకు స్తన్యమిచ్చుచున్నట్లుండును. తలపై సింహాసనపు గుర్తుగాని, ఆవుకొమ్ముల నడుమ సూర్యబింబముగాని ఉండును. అనూబిసు నక్క తలతో, ధోవతి వంటి వస్త్రముతో, ఎడమకాలు ముందుకు వేసి నడచుచున్నట్లుండును. శ్మశానమున తిరుగు నక్కనే శ్మశానరక్షకునిగా చేసికొనుట వారి తెలివి. భయపెట్టు దానిని కావలి పెట్టిన భయము తగ్గును గదా!

వీరితోపాటు ఇమ్‌హోతెపు అనునతని కంచు బొమ్మలు కూడ దొరకుచున్నవి. ఇతడు పుట్టుకచే దేవుడు గాడు, రాజు గాడు. క్రీ.పూ. 27వ శతాబ్దిలో జోసెరు అను ఫరోకు మంత్రి. సక్కారాలోని మెట్ల పిరమిడును కట్టించినవాడని ప్రసిద్ధి. రెండువేల యేండ్ల తరువాత జనులు అతనిని దేవునిగా కొలిచిరి. అతని ప్రతిమలో ఆయుధము లేదు, కిరీటము లేదు. గుండు తలతో కూర్చుండి, ఒడిలో ఒక గ్రంథము విప్పి పెట్టుకొని యుండును. చదువరిని దేవునిగా నిలిపిన జాతి అది.

ఈ బొమ్మలలో అధికభాగము క్రీ.పూ. 1000 మొదలు క్రీ.పూ. 30 వరకు గల కాలమున చేయబడినవి. అనగా గొప్ప పిరమిడులు కట్టి వేయిన్నర యేండ్లు గడచిన తరువాత. దేశము పలుమారులు పరుల పాలబడినది. నూబియావారు, అసీరియావారు, పారసీకులు, తుదకు గ్రీకులు వచ్చిరి. రాజవైభవము తగ్గినకొలది కంచు బొమ్మలు పెరిగినవి. రాజు కట్టించు పెద్ద గుడులు అరుదైనపుడు సామాన్యుడు తన చేతనైన చిన్న ప్రతిమతో దేవుని కడకు తానే నడచెను. చరిత్రలో ఇది గమనింపదగిన విషయము.

వీనిని పోత పోసిన విధము మన శిల్పులకు కొత్త గాదు. మొదట తేనెమైనముతో బొమ్మను చేయుదురు. పెద్ద బొమ్మయైనచో లోపల ఇసుక, బంకమన్ను కలిపిన ముద్దనుంచి దానిపై మైనము పొదుగుదురు. లోపలి ముద్ద కదలకుండ సన్నని ఇనుపచీలలు గ్రుచ్చుదురు. మైనపు బొమ్మచుట్టును మెత్తని మట్టి పూసి, ఆరిన పిమ్మట కాల్చినచో మైనము కరగి కారిపోవును. ఆ ఖాళీలో కరగిన కంచు పోసి చల్లారిన తరువాత మట్టిని పగులగొట్టుదురు. అచ్చు పగిలినదిగాన అట్టి బొమ్మ మరొకటి రాదు. మానసారమను శిల్పశాస్త్రమున దీనినే మధూచ్ఛిష్ట విధానమనిరి. మధూచ్ఛిష్టమనగా తేనె తీయగా మిగిలిన మైనము. మన దేవాలయముల పంచలోహ ఉత్సవమూర్తులు ఈ పద్ధతిన పోసినవే. ఆదిలాబాదు ప్రాంతపు ఓజాలు నేటికిని ఈ పద్ధతినే బొమ్మలు పోయుచున్నారు.

కంచనగా రాగిలో తగరము కలిసిన లోహము. ఈజిప్టు పోతపనివారు తరువాతి కాలమున సీసమును కూడ కలిపిరి. సీసము కలిసిన కంచు పలుచగా పారి అచ్చులోని సందులన్నింటిలో చొచ్చుకొనును. తగరముకన్న చౌక గూడ. పోత ముగిసిన పిమ్మట ఉలితో మెఱుగులు దిద్ది, కొన్నింటికి కన్నులలో గాజు పొదిగి, బంగారు తీగ చెక్కి, బంగారు రేకు అద్దుచుండిరి. పాదముల క్రింద మేకువంటి చిన్న పిడి యుండును. దానిని పీటలో దిగవేసి నిలబెట్టుదురు. ఆ పీటపైననే అసలు విషయము కలదు.

పీట నాలుగు ప్రక్కలను సన్నని చిత్రాక్షరములు చెక్కబడి యుండును. ఆ వ్రాత క్లుప్తము. ఒసైరిసు ఫలానావానికి ఆయువు నిచ్చుగాక అని మొదలుపెట్టి, అతడు ఫలానావాని కుమారుడు, ఫలానా గృహిణి కన్నవాడు అని చెప్పి ముగించును. తండ్రి పేరుతోపాటు తల్లి పేరు వ్రాయుట వారి ఆచారము. కొన్నింట స్త్రీలే దాతలు. ఇంతకన్న చెప్పునది లేదు. బిరుదులు లేవు, యుద్ధములు లేవు. మృతలోకపు దేవుని అడిగినదేమనగా ఆయువు. బ్రతికియున్నవాడు బ్రతుకును కోరి మరణదేవత గుడిలో పెట్టిన మొక్కుబడి ఇది. ఈ బొమ్మలు గోరీలలో పెట్టుటకే చేసినవని మనము తలంతుము. గాని వీనిలో అనేకము గుడులకు సమర్పించినవి.

మన జనులు గుడికి వెండి కన్నులు, వెండి మీసములు సమర్పింతురు. మేడారమున నిలువెత్తు బంగారమని బెల్లము తూచి ఇత్తురు. ఆ మొక్కులు తీర్చునపుడు కలుగు తృప్తియే ఆ కంచు ప్రతిమ పెట్టినవానికిని కలిగియుండును. భేదము ఒకటి. బెల్లము ప్రసాదమై పంచబడును. వెండి కరగి కవచమగును. కంచు ప్రతిమ పేరుతో సహా దేవుని యెదుట నిలిచియుండును. మొక్కినవాడు ఇంటికి పోయినను అతని పేరు గుడిలోనే ఉండును. ఆ పేరు ఉన్నంతకాలము తాను ఉందునని అతని నమ్మకము. పేరు చెరిగినచో మనిషి రెండవమారు మరణించునని వారు భయపడిరి. పగవారి పేర్లను రాతిపై చెక్కివేయుట వారి శిక్షలలో ఘోరమైనది.

బొమ్మలు వందలు, వేలు కాగా గుడిలో చోటు చాలదయ్యెను. దేవునికిచ్చినదానిని పారవేయరాదు. అమ్మరాదు. అపుడు అర్చకులు గుడి ఆవరణముననే గోతులు త్రవ్వి భక్తితో పూడ్చిపెట్టిరి. ఇదియే మనకు మేలయ్యెను. కర్ణాకు దేవాలయమున ఫ్రెంచి పురావస్తుశాస్త్రజ్ఞుడు జార్జి లెగ్రాను 1903లో ఏడవ గోపురము ముందరి ముంగిట త్రవ్వనారంభించెను. నీరూరు బురదలోనుండి రెండేండ్లకు పైగా ఏడువందలకు మించి రాతి విగ్రహములు, సుమారు 17,000 కంచు బొమ్మలు వెడలివచ్చెను. కంచు బొమ్మలలో హెచ్చుపాలు ఒసైరిసువే. సక్కారాలో 1964 మొదలు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎమరీ, ఇమ్‌హోతెపు సమాధికై వెదకుచు త్రవ్వగా, పూజింపబడిన జంతువుల సమాధులతోపాటు కంచు ప్రతిమల నిధులు దొరికెను. అదే సక్కారాలో 2022 మే నెలాఖరున ఈజిప్టు ప్రభుత్వము 150 కంచు ప్రతిమలను, 250 రంగుల శవపేటికలను లోకమునకు చూపెను. ఒసైరిసు, ఐసిసు, అనూబిసులతోపాటు తలలేని ఇమ్‌హోతెపు ప్రతిమయు వానిలో గలదు.

పూడ్చినవి దక్కినవి. పూడ్చనివాని గతి ఏమి? కంచు కరుగును. కరువు వచ్చినను, కత్తి కావలసినను, కాసు కావలసినను మొదట కొలిమికి పోవునది లోహమే. దొరికినవే వేలుండగా కరగిపోయినవి ఇంకను ఎన్నియో యుండును. దేవుని రూపము, దాత పేరు ఒక్క ముద్దలో కలిసిపోయెను.

దక్కినవాని పేర్లు గూడ దీర్ఘకాలము మూగవోయి యుండెను. క్రీ.పూ. 30లో దేశము రోము పాలనకు లోబడెను. క్రీస్తుమతము వ్యాపించిన పిమ్మట పాత గుడులు మూతపడెను. చిత్రాక్షరములు వ్రాయగల అర్చకులు అంతరించిరి. తేదీ తెలిసిన కడపటి చిత్రాక్షర శాసనము క్రీ.శ. 394లో ఫిలే ద్వీపపు గుడిలో చెక్కబడినది. అటుపిమ్మట పదునాలుగు వందల యేండ్లకు పైగా ఆ లిపిని చదువువాడు భూమిమీద లేడు. 1799లో రొసెట్టా వద్ద దొరికిన శిలపై ఒకే శాసనము చిత్రాక్షరములలోను, జనసామాన్యపు లిపిలోను, గ్రీకులోను ఉండుట మేలయ్యెను. ఫ్రెంచి పండితుడు షాంపోలియను 1822లో ఆ లిపి మర్మమును విప్పెను. ఆ నాటినుండి కంచు పీటలు మాటలాడసాగినవి. ఫలానా గృహిణి కన్న కొడుకు ఆయువు కోరి ఒసైరిసుకు మ్రొక్కెనని మనము నేడు చదువుచున్నాము. లోహము పేరును మోసినది, మన్ను లోహమును కాచినది. అయినను చదువువాడు పుట్టువరకు ఆ పేరు పేరు గాదు, గీతలే.

ఈ కథ మనకేల అని అడుగవచ్చును. మన నేలపైనను మృతులకు ఇండ్లు కట్టినవారు గలరు. 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండి ఇపుడు ములుగు జిల్లాలో చేరిన తాడ్వాయి మండలపు దామరవాయి అడవిలో, బండపలకలను నిలిపి పైన పెద్దబండ కప్పిన ప్రాచీన సమాధులు గుంపులు గుంపులుగా కలవు. జనులు వానిని రాకాసిగుళ్లందురు. అంతటి బండలెత్తి మృతులను గౌరవించినవారు రాక్షసులు గారు, మన పూర్వులు. గాని వారు అక్షరము విడువలేదు. కనుక వారి పేరు రాక్షసులాయెను. అక్షరము లేనిచోట తరువాతివారు తోచిన పేరు పెట్టుదురు.

లోహముపై అక్షరము చెక్కు నేర్పు మాత్రము మనకు కొఱత లేదు. జనగామ చెంతనే హైదరాబాదు దారిలో పెంబర్తి గలదు. అచ్చటి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క పరచిన పలకపై బిగించి, ఉలితో, సుత్తితో రూపములు తేల్చుటయందు ప్రసిద్ధులు. కాకతీయుల కాలమున గుడులకు, రథములకు ఈ పని చేసిరనియు, వారి రాజ్యము 1323లో కూలిన పిమ్మట ఆదరణ తగ్గెననియు, నిజాముల కాలమున తమలపాకుల పెట్టెలు, అత్తరుదానులు చేసి మరల నిలదొక్కుకొనిరనియు చెప్పుదురు. నేటికిని దేవుని కవచములు, వాహనముల తొడుగులు, ధ్వజస్తంభపు రేకులు పెంబర్తినుండి పోవుచున్నవి. 2010లో ఈ పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించెను. ఈజిప్టు కంచు పనివాడు పోత పోసెను, పెంబర్తివాడు రేకు కొట్టును. పద్ధతులు వేరు. కాని ఇద్దరి విషయమున ఒక అన్యాయము సమానము. పీటపై చేయించినవాని పేరుండును గాని చేసినవాని పేరు సాధారణముగా నుండదు. కవచముపై దాత పేరు చెక్కిన పెంబర్తివాడు తన పేరు చెక్కుకొనడు.

ఇంతకన్న దగ్గరగా మన ఇండ్లలోనే పేరు మోయు లోహము గలదు. అటకమీది ఇత్తడి బిందె అంచునో, కంచు చెంబు మెడనో వ్రేలితో తడిమి చూచినచో చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరములు తగులును. పెండ్లిలో చదివింపుగా ఇచ్చిన మేనమామ పేరో, పుట్టింటివారి సారెగా వచ్చిన ముత్తవ్వ పేరో, ఊరిపేరుతో, కొన్నింట తేదీతో ఉండును. ఆ ముత్తవ్వ పేరు పట్వారి దస్త్రమున లేదు, పట్టాలో లేదు, శాసనమున లేదు. ఆడదాని పేర భూమి వ్రాయని కాలమది. ఆమె పేరు లోకమున నిలిచిన చోటు ఆ బిందె అంచు ఒక్కటే. ఆ బిందెను పాతసామానులవాడు తూకమున కొని కొలిమికి పంపుచున్నాడు. స్టీలు, ప్లాస్టికు వచ్చిన తరువాత ఇత్తడి బరువని తోచి, సంవత్సరమునకొకటిగా ప్రతి గ్రామమునుండి పోవుచున్నవి. కిలోకు వచ్చు ధర చూచువాడు అంచుపై అక్షరము చూడడు.

అవసరము వచ్చినపుడు ఇల్లాలు ఇత్తడి అమ్ముట తప్పు గాదు. ఆకలికి మించిన ధర్మము లేదు. కాని అమ్ముటకు ముందు ఆ పేరు చదివి, ఒక కాగితముపై వ్రాసి, తారీఖు వేసి గ్రంథాలయమున ఇచ్చుటకు ఖర్చు లేదు. బిందె ఇచ్చినవారెవరు, పుచ్చుకొన్నవారెవరు, ఏ ఊరు, ఏ యేడు, ఎవరి పెండ్లి, చెక్కినవాని పేరు తెలిసినచో అదియు. ఇరువదియైదేండ్లుగా చందాదారుల పేర్లు, పుస్తకముల పేర్లు వరుస తప్పక వ్రాసియుంచిన గ్రంథాలయమునకు ఇట్టి చిట్టా ఒకటి పెట్టుట భారము గాదు. చదువు నేర్చిన పిల్లలు ఇంటింటికి పోయి ఒక సెలవుకాలమున ఈ పని ముగింపగలరు. అక్షరములు కొంత అరిగినను ఇంకను చదువ వీలగుచున్నవి. చెప్పగల వృద్ధులు కొందరైనను ఉన్నారు.

ఈజిప్టు గృహిణి పేరును ఇసుక రెండువేల యేండ్లకు పైగా కాచినది. మన నేలలో అట్టి ఇసుక లేదు. మన వానకు, మన చెదలకు, మన కొలిమికి ఏదియు నిలువదు. ఇచ్చట పేరును కాపాడవలసినది మనిషి చేతి వ్రాతయే. ఆ వ్రాతకు చోటిచ్చుట గ్రంథాలయపు పని, దానిని చదువుట మన పని.